ఒక ఇంజను ఆగితే: రెండు ఇంజన్ల నమూనా విమానాల గురించి
(ఒడిశాలోని సునాబెడలో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు నమస్కారం. జయపురం నుంచి, కొరాపుట్ నుంచి, సెమిలిగుడ నుంచి వచ్చిన విద్యార్థులకు ఆశీస్సులు. రెండు ఇంజన్ల రేడియో నియంత్రిత నమూనా విమానాలను కట్టడం, ఎగరేయడం గురించి మాట్లాడమని మన తెలుగు సంఘం పెద్దలు అడిగారు. 1964లో నెలకొన్న హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజన్ల కర్మాగారంలో ఏళ్ల తరబడి పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు ముందు వరుసలో కూర్చుని ఉండగా, ఈ ఊళ్లో ఇంజన్ల గురించి మాట్లాడడం హనుమంతుని ముందు కుప్పిగంతులు వేయడమే. అయినా అరచేతిలో పట్టే ఇంజన్ల కష్టాలు వేరు కనుక, ఆ మేరకు సాహసిస్తున్నాను.

ఈ కర్మాగారం మొదట్లో మిగ్-21 కోసం ఆర్-11 ఇంజన్లు తయారుచేసింది. ఆ విమానానికి ఇంజను ఒక్కటే. తరువాత వచ్చిన సుఖోయ్-30 ఎంకేఐకి ఇక్కడి ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లు రెండేసి అమరుస్తారు. ఆ రెండూ విమాన దేహం వెనుక భాగంలో పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఆగిపోయినా రెండోది మధ్యగీతకు దగ్గరగానే ఉండి నెడుతుంది కనుక విమానం పెద్దగా పక్కకు తిరగదు. మనం ముచ్చటపడి కట్టే పంకాల (ప్రొపెల్లర్ల) విమానాల్లో అలా కుదరదు. పంకా తిరగడానికి చోటు కావాలి, ఆ చోటు కోసం ఇంజన్లు రెక్కల మీదికి, దేహానికి దూరంగా జరగాలి. మన చిక్కులన్నిటికీ మూలం ఆ దూరమే.

కొత్తగా ఈ విద్యలోకి వచ్చినవారు సాధారణంగా ఒక మాట అంటారు: రెండు ఇంజన్లుంటే ఒకటి ఆగినా రెండోది ఇంటికి చేరుస్తుంది కదా అని. మనుషులు ఎక్కే విమానాల విషయంలో ఆ మాట నిజం, ఎందుకంటే వాటిని ఒక్క ఇంజనుతోనూ ఎగరగలిగేలా లెక్కలు కట్టి, పైలట్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి మరీ నడుపుతారు. నమూనా విమానాల్లో ఆ ధైర్యం చాలాసార్లు బెడిసికొడుతుంది. ఒంటి ఇంజను విమానంలో ఇంజను ఆగితే అది గ్లైడరై నిదానంగా కిందికి దిగుతుంది, మనకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. రెండింట్లో ఒకటి ఆగినప్పుడు మాత్రం, ఆగినదాని వల్ల కాదు, ఇంకా పూర్తి బలంతో తిరుగుతున్న రెండోదాని వల్లే విమానం పక్కకు తిరిగి, ఒక రెక్క వాలి, గింగిరాలు కొడుతూ నేలకు వస్తుంది. పైగా రెండు ఇంజన్లున్నప్పుడు వాటిలో ఏదో ఒకటి మొరాయించే అవకాశం కూడా దాదాపు రెట్టింపు. అందుచేత నా అభిప్రాయం ఒక్కటే: రెండు ఇంజన్ల విమానాన్ని అందులో ఒకటి ఆగిపోయే క్షణాన్ని ముందుపెట్టుకునే కట్టాలి, రెండూ చక్కగా నడిచే రోజును చూసుకుని కాదు.

విద్యార్థులున్నారు కనుక లెక్కతోనే చెబుతాను. రెక్కల కొన నుంచి కొనకు 1.8 మీటర్లు, బరువు 2.5 కిలోలు ఉన్న విమానం అనుకుందాం. ఒక్కొక్క మోటారు పూర్తి థ్రాటిల్‌లో, అంటే వేగం మీటను పూర్తిగా తోసినప్పుడు, 1.2 కిలోల బలంతో ముందుకు లాగుతుందని, అది మధ్యగీతకు 25 సెంటీమీటర్ల దూరంలో ఉందని అనుకుందాం. ఎడమ మోటారు ఆగింది. కుడి మోటారు విమానాన్ని ఎడమకు తిప్పే భ్రామకం 1.2ను 0.25తో గుణిస్తే 0.3 వస్తుంది. రడ్డర్ (తోక మీద కుడి ఎడమలకు తిరిగే నిలువు పలక) గురుత్వ కేంద్రానికి 80 సెంటీమీటర్లు వెనుక ఉంటే, ఆ తిరుగుడును ఆపడానికి అది 0.3ను 0.8తో భాగించగా వచ్చే 375 గ్రాముల పక్కబలం పుట్టించాలి. సెకనుకు 15 మీటర్ల వేగంలో మన రడ్డర్‌కు 400 గ్రాముల బలం ఉందనుకోండి, గండం గడిచినట్టే. కాని గాలి వల్ల పుట్టే బలం వేగం యొక్క వర్గాన్ని అనుసరించి మారుతుంది. అదే విమానం నేల విడిచి పైకి ఎక్కుతూ సెకనుకు 10 మీటర్ల వేగంలో ఉంటే, అదే రడ్డర్ పూర్తిగా తిప్పినా 178 గ్రాములకు మించి ఇవ్వలేదు. కావలసింది 375. అప్పుడు చేతిలో ఎంత నైపుణ్యం ఉన్నా లాభం లేదు. అయితే ఆ క్షణంలోనే థ్రాటిల్ తగ్గించి కుడి మోటారు లాగుడును 600 గ్రాములకు దించితే, కావలసిన పక్కబలం కూడా సగమై 188 గ్రాములకు వస్తుంది. రడ్డర్ దాదాపు దాన్ని అందుకుంటుంది. ముక్కు కాస్త దించి కొంచెం వేగం కూడగట్టుకుంటే పూర్తిగా అందుకుంటుంది. ఒక ఇంజను ఆగగానే థ్రాటిల్ తగ్గించాలని పెద్దవాళ్లు పదేపదే చెప్పేది ఈ లెక్క వల్లనే. భయపడినవాడి బొటనవేలు మాత్రం థ్రాటిల్‌ను పైకే తోస్తుంది.

ఇదే లెక్క మనం ఏ విమానాన్ని ఎంచుకోవాలో కూడా చెబుతుంది. ఇంజన్లు దేహానికి దగ్గరగా, తోక పొడుగ్గా, రడ్డర్ పెద్దదిగా ఉన్నది మేలు. మన రాష్ట్రంలో ఉన్నవారికి డకోటా అనే పాత రెండు ఇంజన్ల విమానం మీద మమకారం సహజం. 1947లో ఒడిశా నాయకుడు బిజూ పట్నాయక్ డకోటాలో ఇండోనేషియా వెళ్లి, డచ్చివారి కళ్లుగప్పి అక్కడి స్వాతంత్ర్య నాయకుడు సుతాన్ షహ్రీర్‌ను తీసుకొచ్చిన సంగతి ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. పట్నాయక్‌గారి కళింగ ఎయిర్‌లైన్స్‌కు చెందిన ఒక డకోటాను 2023లో కోల్‌కతా నుంచి భువనేశ్వర్‌కు తెచ్చి నిలబెట్టారు. దాని రెక్కల పొడవు సుమారు 29 మీటర్లు. పదహారో వంతు నమూనా కడితే 1.8 మీటర్లు వస్తుంది, అటకమీద పెట్టుకోవడానికీ, కారులో పట్టుకుపోవడానికీ సరైన కొలత. పంకా ఆ లెక్కన 22 సెంటీమీటర్లు, అంటే 9 అంగుళాల లోపు. ఇంజన్లు మధ్యగీతకు 18 సెంటీమీటర్ల లోపే ఉంటాయి కనుక, నేను చెప్పిన ఉదాహరణ కంటే డకోటా మనకు అనుకూలం. దానిలో చూసుకోవలసినది వేరొకటి ఉంది. రెక్క కొనకు పోయేకొద్దీ సన్నబడి వెనక్కి వాలుతుంది. అటువంటి రెక్క వేగం తగ్గినప్పుడు కొన దగ్గర ముందుగా స్టాల్ అయ్యి, అంటే పైకెత్తే బలం కోల్పోయి, ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెక్క కొన ముందు అంచు మొదలు కంటే రెండు డిగ్రీలు కిందికి చూసేలా మెలిపెట్టి కడితే ఆ జబ్బు చాలావరకు కుదురుతుంది. స్కేలు కొలతల మీద పట్టుదల ఉన్నవారు కోప్పడినా సరే, రడ్డర్‌ను కూడా అయిదో వంతు పెంచమంటాను. నేల మీద ఉన్నంతసేపు అందం చూస్తారు, గాలిలోకి లేచాక ఆ అదనపు రెండు వేళ్ల వెడల్పే పనికొస్తుంది.

ఇంజన్లను కొద్దిగా బయటివైపుకు చూసేలా బిగిస్తే ఒకటి ఆగినప్పటి తిరుగుడు తగ్గుతుందని ఒక చిట్కా ప్రచారంలో ఉంది. అబద్ధం కాదు. కాని మోటారు గురుత్వ కేంద్రానికి 20 సెంటీమీటర్లు ముందు ఉందనుకుని లెక్క వేయండి. రెండు డిగ్రీలు బయటికి తిప్పితే, 25 సెంటీమీటర్ల దూరం 24.3 అవుతుంది. లాభం నూటికి మూడు పాళ్లు. బిగించేటప్పుడు ఎలాగూ ఒక కోణం పెట్టాలి కనుక పెట్టండి, దానిమీదే ఆధారపడి రడ్డర్‌ను చిన్నది చేయకండి.

ఇక కట్టుబడి. బాల్సా కర్ర ఇక్కడ దుకాణాల్లో దొరకదు, పార్సిల్‌లో తెప్పించుకోవాలి, దారిలో సగం విరుగుతుంది. మొదటి విమానానికి స్టేషనరీ దుకాణంలో దొరికే ఫోమ్ బోర్డు చాలు. రెక్క పొడవునా బలమిచ్చే వాసానికి కార్బన్ గొట్టం మంచిది, దొరకనప్పుడు మన కొండల్లో కావలసినంత వెదురు ఉంది. బాగా ఎండిన బొంగును చీల్చి, పైచర్మం ఉన్న పలుచని బద్దనే తీసుకోవాలి. బలమంతా ఆ చర్మం దగ్గరి నారలో ఉంటుంది, లోపలి మెత్తని భాగం బరువుకు తప్ప దేనికీ పనికిరాదు. థర్మాకోల్ ముక్కల దగ్గర ఫెవిక్విక్ లాంటి జిగురు వాడవద్దు. చుక్క పడిన చోటల్లా థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది. ఫెవికాల్ నిదానంగా ఆరినా నమ్మదగినది. మోటారు బిగించే ప్లైవుడ్ పలకను ఫోమ్‌కు అంటించి ఊరుకోకూడదు. దాన్ని లోపలి వాసం దాకా తీసుకువెళ్లి కట్టాలి, ఎందుకంటే రెక్కలో ఆ చోటున మోటారు బరువు, దాని లాగుడు, దిగేటప్పటి దెబ్బ మూడూ ఒకేసారి పడతాయి.

మోటార్లు ఎంత ఉండాలి? ఇటువంటి విమానానికి కిలో బరువుకు సుమారు 220 వాట్లు అని వాడుక లెక్క. 2.5 కిలోలకు 550 వాట్లు. ఈ ఊరి ఎత్తు దృష్టిలో పెట్టుకుని 600 అనుకుందాం, మోటారుకు 300. మూడు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ 11.1 వోల్టులు కనుక ఒక్కొక్క మోటారు సుమారు 27 ఆంపియర్లు తీసుకుంటుంది. మోటారు వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీ 40 ఆంపియర్లది పెడితే వేడెక్కకుండా పనిచేస్తుంది. రెండూ కలిసి 54 ఆంపియర్లు. 5000 మిల్లీఆంపియర్ అవర్ల బ్యాటరీ పూర్తి థ్రాటిల్‌లో అయిదున్నర నిమిషాలకు ఖాళీ అవుతుంది. అంతసేపూ పూర్తి థ్రాటిల్ ఎవరూ పెట్టరు కాని, బ్యాటరీలో అయిదో వంతు మిగిలి ఉండగానే దిగిపోవడం అలవాటు చేసుకోవాలి.

తీగల దగ్గర చాలామంది తడబడతారు, అందుకని కొంచెం వివరంగా చెబుతాను. బ్యాటరీ దేహంలో ఉంటుంది, మోటార్లు రెక్కల మీద ఉంటాయి, మధ్య దూరానికి ఏ తీగను పొడిగించాలన్నది ప్రశ్న. ఈఎస్‌సీకి, మోటారుకు మధ్య ఉన్న మూడు తీగలను పొడిగించండి. బ్యాటరీకి, ఈఎస్‌సీకి మధ్య తీగలు పొడవైతే, విద్యుత్తు సెకనుకు వేలసార్లు ఆగి ఆగి పారేటప్పుడు వోల్టేజి ఎగసిపడి ఈఎస్‌సీలోని కెపాసిటర్లను తినేస్తుంది. మొదటి రోజు ఏమీ కాదు, కొన్నాళ్లకు గాలిలో ఉండగా పోతుంది, అదీ ఒకవైపే. రెండో సంగతి: ప్రతి ఈఎస్‌సీ లోపల, రేడియో సంకేతాలను అందుకునే రిసీవర్‌కు అయిదు వోల్టులిచ్చే బీఈసీ అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. రెండు ఈఎస్‌సీలు కలిపితే రెండు బీఈసీలు ఒకే తీగలోకి పోటీపడి విద్యుత్తు పంపుతాయి. రెండో ఈఎస్‌సీ నుంచి వచ్చే, రిసీవర్‌కు తగిలించే సర్వో ప్లగ్గును చేతిలోకి తీసుకోండి. నల్లది, ఎర్రది, తెల్లది మూడు తీగలుంటాయి. మధ్యనున్న ఎర్ర తీగ దగ్గర ప్లాస్టిక్ నాలుకను గుండుసూదితో కొద్దిగా పైకెత్తి లాగితే, ఎర్ర తీగ లోహపు కొసతో సహా బయటికి వస్తుంది. దాన్ని కత్తిరించకుండా వెనక్కి మడిచి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగి ఉంచండి, రేపు మరో విమానంలో కావలసి రావచ్చు. ఇంకా నమ్మకం కావాలంటే రెండింటి ఎర్ర తీగలూ తీసేసి, విడిగా ఒక యూబీఈసీ, అంటే ఈఎస్‌సీతో సంబంధం లేని బీఈసీ, పెట్టుకోవాలి. నేనైతే అదే పెడతాను. రెండు ఈఎస్‌సీలకూ థ్రాటిల్ హద్దులు ఒకే ట్రాన్స్‌మిటర్‌తో, ఒకే పూట నేర్పించాలి. లేకపోతే ఒకటి ముందు కదిలి, రెండోది ఆలోచించి కదులుతుంది.

పంకాలు రెండూ ఒకేవైపు తిరగాలా, ఎదురెదురుగా తిరగాలా? రైట్ సోదరులు 1903లో ఒకే ఇంజనుతో రెండు పంకాలను నడిపారు. ఒకదాని గొలుసును ఎనిమిది ఆకారంలో మెలిపెట్టి, రెండూ ఎదురెదురు దిశల్లో తిరిగేలా చేశారు. ఎలక్ట్రిక్ మోటారులో ఆ మెలిక కూడా అక్కరలేదు. మూడు తీగల్లో ఏవైనా రెండింటిని తారుమారు చేస్తే మోటారు ఎదురు తిరుగుతుంది. అందుకు ఎదురు మెలిక ఉన్న పంకా వేరే కొనాలి. ఏ పంకా అయినా అంకెలు ముద్రించిన ముఖం విమానం పోయే దిశకే ఉండాలి. ఇది మరిచి బిగించినవారి విమానం గట్టిగా అరుస్తూ ఉన్నచోటే ఉంటుంది. రెండూ వెనుక నుంచి చూస్తే సవ్యదిశలో తిరిగే విమానంలో, ముక్కు పైకెత్తినప్పుడు కిందికి దిగే కుడివైపు ఆకే ఎక్కువ లాగుతుంది. అందువల్ల కుడి ఇంజను బలం దేహానికి మరింత దూరం జరిగినట్టవుతుంది, ఎడమ ఇంజను ఆగడమే ఎక్కువ ప్రమాదం. పైభాగంలో రెండు ఆకులూ దేహం వైపుకు తిరిగేలా అమర్చితే ఆ తేడా పోతుంది.

మిథనాల్‌తో నడిచే గ్లో ఇంజన్ల మోజు పోనివారు ఈ సభలో ఉన్నారని తెలుసు. ఆ వాసన, ఆముదం కలిపిన ఇంధనం రెక్కమీద పరచుకునే జిడ్డు, ఆ మోత వేరే లోకం. రెండు గ్లో ఇంజన్లు నడపాలంటే మాత్రం ఓర్పు కావాలి. ఒక్కొక్కదాన్ని విడిగా నడిపి, ఇంధనం పాలును మార్చే సూదిని తిప్పి అత్యధిక వేగానికి తెచ్చి, అక్కడి నుంచి రెండు మూడు వందల ఆర్‌పీఎం తగ్గేలా ఇంధనం పెంచి వదలాలి. తరువాత విమానం ముక్కును ఆకాశానికి ఎత్తి పట్టుకోవాలి. అప్పుడు శబ్దం సన్నగిల్లితే ఇంధనం ఇంకా చాలడం లేదన్నమాట. రెండింటి వేగమూ అచ్చంగా ఒకటే కావాలని గంటలు గంటలు తిప్పేవారిని చూశాను. అది అనవసరం. వంద, రెండు వందల తేడాను రడ్డర్ గుర్తించదు, రెండూ ఆగకుండా నడవడం ముఖ్యం. సరిపోల్చాలంటే చెవి చాలు. రెండూ కలిసి నడుస్తున్నప్పుడు శబ్దం అలలా పెరిగి తరుగుతూ ఉంటుంది. సెకనుకు రెండు అలలు వినిపిస్తే తేడా నిమిషానికి 120 తిరుగుళ్లు. అల నెమ్మదించిందంటే దగ్గర పడుతున్నాయని అర్థం.

మనం ఉన్నది సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున. విశాఖ తీరంలో ఉన్న గాలి కంటే ఇక్కడి గాలి దాదాపు ఎనిమిది శాతం పలుచన. పంకా లాగుడు ఆ మేరకు తగ్గుతుంది, గ్లో ఇంజను బలమూ తగ్గుతుంది. స్టాల్ అయ్యే వేగం నూటికి నాలుగు పాళ్లు పెరుగుతుంది. ఎలక్ట్రిక్ మోటారుకు మాత్రం గాలి పలుచనైతే భారం తగ్గి కరెంటు తక్కువ తీసుకుంటుంది, అందువల్ల చోటుంటే పంకాను కొద్దిగా పెద్దది వేసుకోవచ్చు. విశాఖ మైదానంలో హాయిగా లేచిన విమానం ఇక్కడ ఇంకా కొంచెం దూరం పరుగెత్తాకే లేస్తుంది. ఈలోపే ముక్కెత్తినవాడు స్టాల్ అంచున, ఇంజను ఆగితే దిక్కులేని వేగంలో ఉంటాడు. కనుక ఇక్కడ నేల విడిచాక వెంటనే నిలువుగా ఎక్కించకుండా, నేలకు సమాంతరంగా వేగం పెంచుకున్న తరువాతే ఎక్కించాలి. వానాకాలంలో కొండల మీద మబ్బు నేల మీదికి దిగుతుంది, అప్పుడు ఎగరేయడం మాట తలపెట్టకండి. వేసవిలో తెల్లవారుజామే మేలు. మధ్యాహ్నం అయ్యేసరికి లోయల నుంచి వేడిగాలి రేగుతుంది.

ఎగరేయడంలో అసలైన అభ్యాసం ఇది. రెండు ఈఎస్‌సీలను రిసీవర్‌లో రెండు వేరు ఛానళ్లకు కలిపి, ట్రాన్స్‌మిటర్‌లో రెండింటినీ ఒకే థ్రాటిల్‌కు జోడించండి. ఒక మోటారును విడిగా ఆపే స్విచ్ ఒకటి పెట్టుకోండి. 60, 70 మీటర్ల ఎత్తుకు వెళ్లి, మంచి వేగంలో నేరుగా పోతుండగా ఆ స్విచ్ వేయండి. మోత సగానికి పడిపోతుంది, ముక్కు ఆగిన మోటారు వైపుకు తిరుగుతుంది. వెంటనే థ్రాటిల్ తగ్గించాలి, ముక్కు కాస్త దించాలి, ముక్కు ఎటు తిరుగుతోందో దానికి ఎదురు రడ్డర్ పెట్టాలి. ఐలరాన్‌తో (రెక్క వెనుక అంచున కదిలే పలకతో) మాత్రమే సరిచేయబోతే వాలిన రెక్క ఇంకా స్టాల్‌కు దగ్గరవుతుంది. బతికి ఉన్న మోటారు వైపుకే కొద్దిగా వాల్చి, పెద్ద మలుపులు తిప్పుతూ మైదానం వైపు రావాలి. విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అక్కడే అందరూ తికమకపడతారు. నిజంగా మోటారు ఆగిన రోజు ఆలోచించే వ్యవధి ఉండదు. అది వేళ్లకు ముందే తెలిసి ఉండాలి, అందుకే ఈ స్విచ్ ఆట.

పంకాల గురించి ఒక జాగ్రత్త. దేహానికి, పంకాకు మధ్య సందులో చేయి పెట్టి బ్యాటరీ కలిపే అలవాటు వదులుకోండి. విమానాన్ని తోక దగ్గర ఒకరు పట్టుకుని ఉండగా, వెనుకనుంచి కలపాలి. నిబంధనల సంగతి క్లుప్తంగా: 2021 డ్రోన్ నియమాల ప్రకారం వినోదం కోసం, కంటికి కనబడే దూరంలో ఎగరేసే 25 కిలోలలోపు నమూనా విమానాలకు టైప్ సర్టిఫికెట్ (ఆ రకం విమానానికి ప్రభుత్వ ధ్రువపత్రం) అక్కరలేదు. అయితే ఎక్కడ ఎగరేయవచ్చో చెప్పే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలు వాటికీ వర్తిస్తాయి. ఇటువంటి కర్మాగారం ఉన్న ఊళ్లో ఆ మండలాలను చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటం చూడకుండా మైదానం ఎంచుకోవడం తెలివితక్కువ.

ప్రశ్నలకు సమయం తక్కువగా ఉంది, వెనుక వరుసలో ఉన్న అబ్బాయి అడిగినదానికి మాత్రం జవాబు చెప్పాలి. రెండు మోటార్లకు రెండు వేర్వేరు బ్యాటరీలు పెడితే, ఒకటి పోయినా రెండోది ఉంటుంది కదా అంటున్నాడు. బాబూ, వినడానికి బాగానే ఉంటుంది. రెండు బ్యాటరీలు ఎప్పుడూ సమానంగా ఉండవు. ఒకటి పాతబడి ఉంటుంది, ఒకటి కొంచెం ముందు ఖాళీ అవుతుంది. దాని ఈఎస్‌సీ ముందుగా మోటారును ఆపేస్తుంది, అదీ దిగబోయే ముందు, వేగం తక్కువగా ఉన్న వేళ. నువ్వే చేతులారా ఒక ఇంజను ఆపుకున్నట్టవుతుంది. రెండు బ్యాటరీలుంటే వాటిని సమాంతరంగా కలిపి, రెండు మోటార్లకూ అందులోనుంచే ఇవ్వు. అప్పుడు తగ్గితే రెండూ కలిసే తగ్గుతాయి, విమానం పక్కకు తిరగకుండా తిన్నగా దిగుతుంది. కలిపే ముందు మాత్రం రెండింటి వోల్టేజినీ మీటరుతో కొలిచి చూసుకో. ఒకటి 12.6, ఇంకొకటి 11.4 ఉండగా కలిపావంటే, నిండినది ఖాళీదానిలోకి ఒక్కసారిగా కుమ్మరించి, రెండూ వేడెక్కి ఉబ్బుతాయి.